లెక్కలో లేని బిడ్డ

లారస్ గది తలుపు తీయలేదు. పొద్దున గుమ్మం దగ్గర పెట్టిన అన్నం పళ్ళెం పెట్టినట్టే ఉంది. చీమలు బారు కట్టాయి.

"తింటే తిను, మానేస్తే మానెయ్. తలుపన్నా తియ్యవే తల్లీ," అంది వాళ్ళమ్మ సుమర్ని, చెక్కకి నుదురు ఆనించి.

"ఆవిడ బండెక్కాక తీస్తాను." ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు లోపల్నుంచి వచ్చింది.

"ఆవిడ వెళ్ళేది సాయంత్రం. పోతూ పోతూ మనింటికొచ్చి చెప్పి వెళ్తానంది కదా."

"చెప్పడానికి ఇంకేం మిగిలిందని?"

సుమర్ని దగ్గర దీనికి జవాబు ఉంది. కానీ అది నోరు దాటి రాకూడదు. ముప్పై ఏళ్ళు దాటింది, ఆ మాటని పంటి కింద నొక్కిపెట్టుకుని బతుకుతోంది ఆమె.

ఆవిడంటే హెందర్తి గారు, పెళ్ళికొడుకు సత్రియో తల్లి. మంచిరోజు చూసుకుందామని సోలో పట్నం నుంచి వచ్చి, ముందుగదిలో ఒద్దికగా కూర్చుని, టీ చుక్క ముట్టకుండా ఈ ఇంటి నెత్తిన బండ వేసిన మనిషి. కేకలేసి వద్దన్నా బాగుండేది, తిరిగి నాలుగు మాటలు అనొచ్చు. ఆవిడ చేతులు జోడించి మరీ వద్దంది. "మా సత్రియో మూడోవాడండీ. మీ అమ్మాయి మొదటిది. ఒకటికీ మూడుకీ ముడి పడకూడదు. పడితే రెండిళ్ళలో ఎవరో ఒకరు పోతారు," అంది. అంతే. ఆ పట్టింపు లేనివాళ్ళకి అది నవ్వులాటగా ఉంటుంది. ఉన్నవాళ్ళని మాత్రం దేవుడు దిగొచ్చినా కదపలేడు.

ఇక సత్రియో. లారస్ చుట్టూ అన్నేళ్ళు తిరిగిన మొనగాడు. "అమ్మ ఏడిస్తే నేను చేసుకోలేను," అన్నాడు ఫోన్లో. ఇక్కడ లారస్ ఏడుస్తున్న సంగతి అతనికి వినపడలేదు కాబోలు.

సుమర్ని పెరటివైపు వెళ్ళింది. అక్కడ మొగుడు హర్జోనో గువ్వ పంజరం శుభ్రం చేస్తున్నాడు. మంగరాయ్ రైలు షెడ్డులో పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఎవరు చచ్చినా బతికినా ఆ పంజరం కడగడం మాత్రం మానడు.

"చెప్పెయ్," అన్నాడు, పంజరంలోంచి చెయ్యి తియ్యకుండా.

"ఏం చెప్పమంటారు?"

"తెలీనట్టు అడక్కు. లారస్ మన మొదటి బిడ్డ కాదని చెప్పు. అది రెండోది. ఆవిడ లెక్క ఆవిడకి సరిపోతుంది. పెళ్ళయిపోతుంది."

"ఇంకొంచెం గట్టిగా చెప్పండి. ఎదురు కాఫీకొట్లో కూర్చున్న వాళ్ళకి కూడా వినపడాలి."

"వినపడనీ. నా పెద్దకూతురు పక్క సందులో నన్ను బాబాయ్ అని పిలుస్తూ పెరిగింది. నేనూ పలికాను. ఇంకా ఎన్నాళ్ళు పలకమంటావు?"

సుమర్ని వంటగది తలుపు దగ్గరకి వేసింది. లోపల లారస్ ఉంది. గోడలు పాతవి, తేబెత్‌ పేటలో ఈ వరస ఇళ్ళన్నీ ఒకప్పటి కట్టుబడి, మాట ఒక గదిలో అంటే రెండో గదిలో తేలుతుంది.

ఆ పెద్దకూతురు వెనింగ్ పుట్టినప్పుడు సుమర్నికి నిండా ఇరవై లేవు. అక్క వర్సికి పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండలేదు. తల్లి పోయాక సుమర్నిని సాకి, చదివించి, పెళ్ళి చేసింది ఆ అక్కే. ఒక పసిబిడ్డని తెచ్చి ఒళ్ళో పెట్టుకుంటే వెనకాలే సొంత బిడ్డ వస్తుందని పెద్దవాళ్ళు అన్నారు. చేపకి ఎర వేసినట్టు. ఆ ఎర మాట తలుచుకుంటే సుమర్నికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బాలింత నొప్పులు తగ్గకముందే పిల్లని ఎత్తుకెళ్ళారు. అన్నట్టే వర్సికి కొడుకు పుట్టాడు. పుట్టాక పిల్లని తిరిగిస్తారేమోనని సుమర్ని ఓ మూల ఆశపడింది. వాళ్ళు ఇవ్వలేదు, ఈమె అడగలేదు. సొంతపిల్లేనని ఊరంతా అనుకుంది. వెనింగూ అదే అనుకుంది.

"మాట్లాడవేం?" అన్నాడు హర్జోనో.

"వెనింగ్ నిఖా గుర్తుందా మీకు?"

"మర్చిపోతేగా. మీ బావ వెళ్ళి కన్నతండ్రి కూర్చోవాల్సిన పీట మీద కూర్చున్నాడు. మీ కన్నకూతురేనా అని ఇమాం అడిగితే అవునన్నాడు. నేను లేవబోయాను. నువ్వు చొక్కా పట్టుకుని లాగావు."

"లాగకపోతే ఆ పూట పెళ్ళి ఆగిపోయేది."

"లాగినందుకు అసలు పెళ్ళే కాలేదు. పెంచినవాడికి ఆ పిల్లని అప్పగించే హక్కు లేదు. కన్నవాణ్ణి నేను బతికే ఉన్నాను. ఆ నిఖా చెల్లదు, నీకూ తెలుసు."

"తెలుసు కాబట్టే నోరు విప్పద్దంటున్నాను."

"దానిదేముంది, మళ్ళీ చేయిద్దాం. నేను కూర్చుంటాను. అల్లుడు యుధో కూర్చుంటాడు. ఎంతసేపు పని?"

సుమర్ని నీళ్ళ తొట్టి గట్టు మీద కూలబడింది. ఈ సంగతి చెప్పనని వెనింగ్‌కి మాటిచ్చింది. ఇంక దాచి లాభం లేదు.

"యుధోకి దెపోక్‌లో ఇంకో ఆవిడ ఉంది."

హర్జోనో చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది.

"ఇద్దరు పిల్లల తండ్రి. విడాకులు ఇమ్మని దీన్ని పీక్కుతింటున్నాడు. ఇది ఇవ్వనంది. కోర్టుకెక్కు, నా పిల్లల ముందు నిలబడి ఎందుకో చెప్పు అంది. వాడికి ఆ ధైర్యం లేక ఇంకా ఇంట్లో ఉన్నాడు. దానికి ఉన్న పట్టు అదొక్కటే. ఇప్పుడు మీరు నోరు తెరిచారనుకోండి. వాడికి తలాక్ అనే శ్రమ కూడా ఉండదు. నాకు పెళ్ళే కాలేదని దులుపుకుని పోతాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేవారు?"

"తండ్రిని."

"కాదు. మీరు బాబాయే," అంది సుమర్ని. అన్నాక నాలుక కరుచుకుంది, కానీ మాట వెళ్ళిపోయింది.

హర్జోనో గువ్వని పంజరంలోకి పంపి కొక్కెం పెట్టాడు.

"అప్పుడు అక్క కోసం పెద్దదాన్ని ఇచ్చేశావు," అన్నాడు. "ఇప్పుడు పెద్దదాని కోసం చిన్నదాన్ని గదిలో పెట్టి గొళ్ళెం పెడుతున్నావు. నీ మంచితనానికి నా పిల్లలు ఇద్దరూ బలి."

*

"పిన్నీ, గేటు బార్లా తీసుంది. దొంగలొస్తే ఏం ఎత్తుకెళ్తారులే, మీ ఏడుపులా?"

వెనింగ్ వచ్చిందంటే ఇంట్లో గాలి మారుతుంది. చేతిలో క్యారియర్, మెడ దాకా చెమట. తిన్నగా లారస్ గది దగ్గరికి వెళ్ళి కాలితో తలుపు తన్నింది.

"ఏయ్, కొబ్బరిపాల కోడికూర తెచ్చాను. తలుపు తీస్తే నీకు, తియ్యకపోతే బాబాయ్‌కి. ఆయన ఎముక కూడా మిగల్చడు, ఆలోచించుకో."

తలుపు తెరుచుకుంది. పొద్దుట్నుంచి కన్నతల్లి బతిమాలినా తెరుచుకోనిది, ఒక్క తన్నుకి తెరుచుకుంది. సుమర్ని గుమ్మంలో నిలబడి చూసింది. ఇద్దరూ మంచం మీద మఠం వేసుకుని కూర్చున్నారు. వెనింగ్ ముద్ద కలిపి పెడుతుంటే లారస్ చిన్నపిల్లలా నోరు తెరుస్తోంది. ఇద్దరిదీ ఒకటే నుదురు. ఇన్నేళ్ళలో ఈ ఊళ్ళో ఎవరికీ కనపడలేదా అది, లేక చూసి ఊరుకున్నారా అని సుమర్నికి అప్పుడప్పుడు అనుమానం.

"మీ ఆయన లోపలికి రాలేదా?" అని అడిగింది, వెనింగ్ చెయ్యి కడుక్కోవడానికి వచ్చినప్పుడు.

"ఎదురు కొట్లో కూర్చున్నాడు. ఫోన్లో మాట్లాడుకోవాలట."

"ఎవరితో?"

"మీరు కూడా, పిన్నీ." వెనింగ్ నవ్వింది. "నేనేం అడగను. అడిగితే ఉన్నది చెప్తాడు, నేను వినాలి. పిల్లలకి పరీక్షలయ్యేదాకా నాకేమీ తెలీదు. నాకు ఆ మూడు మాటలు చెప్పాలంటే మా నాన్న సమాధి దగ్గరికొచ్చి చెప్పమన్నాను. ఈయన చేతిలో నా చెయ్యి పెట్టింది మా నాన్నే కదా."

సుమర్ని తువ్వాలు అందించి, ముఖం పక్కకి తిప్పుకుంది.

సాయంత్రం అసర్ నమాజు పిలుపు అయిపోయి వాన మొదలైంది. ఆ వానలోనే టాక్సీ వచ్చి గేటు ముందు ఆగింది.

*

హెందర్తి గారు చెప్పులు బయట వరసగా విడిచి, తడిసిన తలముసుగు దులుపుకుని, తల వంచి లోపలికి వచ్చింది. పెట్టె టాక్సీలోనే ఉంది.

"చెప్పకుండా వెళ్ళడం పద్ధతి కాదని వచ్చానండీ. నా మీద కోపం పెట్టుకోకండి."

"కూర్చోండి," అంది సుమర్ని. హర్జోనో కూడా వచ్చి గోడవారన కూర్చున్నాడు. వెనింగ్ టీ తెచ్చింది.

లారస్ మొహం కడుక్కుని వచ్చింది. వస్తూనే ఆవిడ మోకాళ్ళ దగ్గర చతికిలబడింది.

"అమ్మా, ఏదైనా దారి చెప్పండి. కూడలి దగ్గర నన్ను వదిలేసినట్టు చేసి, ఇంకొకళ్ళు ఎత్తుకున్నట్టు చేస్తే లెక్క మారుతుందటగా. మా సందు చివరే కూడలి. ఇప్పుడే వెళ్దాం. వానైనా సరే."

హెందర్తి గారు ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది.

"మా పెద్దమ్మాయికి అదే చేశామమ్మా. అల్లుడు మూడోవాడు. పిల్లని కూడలిలో వదిలి, మా తమ్ముడి చేత ఎత్తించి, లెక్క తప్పించామని సంబరపడ్డాం. మొదటి కాన్పులోనే పోయింది. బిడ్డా దక్కలేదు. దొంగలెక్క వేసి నా పిల్లని నేనే చంపుకున్నానని నాకు రోజూ అనిపిస్తుంది. మళ్ళీ ఆ పని నాతో చేయించకు."

ఈ మనిషిని ఇంతదాకా మనసులో తిట్టుకున్నందుకు సుమర్నికి సిగ్గేసింది. తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేకుండా పోయారు.

"మీ అమ్మకి నీకంటే ముందు ఒక బిడ్డ ఉండుంటే, పుట్టి పోయిన బిడ్డైనా సరే, నేనే నిన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదాన్ని." హెందర్తి గారు తలెత్తి సుమర్నిని చూసింది. "తప్పుగా అనుకోకండి, తల్లిగా తల్లిని అడుగుతున్నాను. లారస్ కంటే ముందు మీ కడుపున ఎవరూ పడలేదా?"

లారస్ వెనక్కి తిరిగి తల్లిని చూసింది. వెనింగ్ టీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, తనూ చూసింది. ఇద్దరి కళ్ళలోనూ ఒకటే ఆశ. ఉందని చెప్పవూ అన్నట్టు.

"లేదండీ," అంది సుమర్ని. "ఎవరూ లేరు."

"ఉంది," అన్నాడు హర్జోనో.

సుమర్ని కళ్ళు మూసుకుంది.

"ఉంది. బతికే ఉంది. మీకు టీ ఇచ్చింది ఆ పిల్లే."

వెనింగ్ మొదట నవ్వింది. "బాబాయ్, లారస్ పెళ్ళి కోసం నన్ను కూడా కనేశారా?" అంది. ఎవరూ నవ్వలేదు. ఆమె సుమర్ని వైపు తిరిగింది.

"పిన్నీ?"

సుమర్ని కళ్ళు తెరిచి, మళ్ళీ దించుకుంది.

"ఇప్పుడే కదా ఎవరూ లేరన్నారు. నా మొహం మీదే అన్నారు."

"నీ కోసమే అన్నానే," అంది సుమర్ని. ఏడుపు తన్నుకొచ్చింది. "ఒట్టేసుకున్నాను. మీ అమ్మకి మాటిచ్చాను."

"ఏ అమ్మకి?"

వెనింగ్ పళ్ళెం కింద పెట్టింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి.

"అయితే నేను మొదటిదాన్ని కాదా?" అంది లారస్.

రెండు రోజుల్నుంచి మాడిపోయి ఉన్న ఆ మొహంలోకి వెలుగు వచ్చేసింది. రాకుండా ఆపుకోవడం ఆ పిల్ల వల్ల కాలేదు. వెనింగ్ ఆ వెలుగుని చూసింది. లారస్ తల దించుకుంది, కానీ చూడాల్సింది చూసేసింది వెనింగ్.

హెందర్తి గారు చేతులు ముఖానికి ఆనించి దేవుణ్ణి తలుచుకుంది. కొంచెంసేపయ్యాక ఆవిడకి ఇంకో సంగతి తట్టింది.

"మరి ఈ అమ్మాయి నిఖాకి తండ్రిగా ఎవరు కూర్చున్నారండీ?"

హర్జోనో నేల చూశాడు. "మా తోడల్లుడు. పెంచినాయన."

"మీరుండగానా?"

"నేను వెనక వరసలో ఉన్నాను."

"అయ్యో, అది చెల్లదు కదండీ." ఆవిడ గొంతులో కోపం లేదు, నిజంగా జాలే ఉంది. "తెలిశాక అలా సాగనివ్వకూడదు. కంగారేం లేదు, చిన్న పనే. కన్నతండ్రి ఉన్నారు, భర్త ఉన్నారు. ఇమాం గారినీ ఇద్దరు సాక్షులనీ పిలిస్తే అయిపోతుంది. అది సరిచేసి, ఈ అమ్మాయిని నలుగురిలో మీ పెద్దకూతురిగా నిలబెట్టండి. లారస్‌కి మంగళస్నానం చేయించేటప్పుడు మీ ఇద్దరి తర్వాత తనే నీళ్ళు పోయాలి. చాటుగా ఉంచిన లెక్క నాకొద్దు, ఒకసారి దెబ్బతిన్నాను. అది జరిగిందనుకోండి, వచ్చే నెలలోనే రోజు పెట్టుకుందాం. కావాలంటే ఈ బండి మానుకుని రేపు వెళ్తాను."

"చిన్న పనే," అంది వెనింగ్.

గొంతు మామూలుగానే ఉంది. అందుకే సుమర్నికి భయమేసింది.

"అమ్మగారూ, మీరు పెద్దవారు. మీ దగ్గర దాపరికం ఎందుకు. మా ఆయన నన్ను వదిలించుకోవాలని చాలాకాలంగా చూస్తున్నాడు. ఆయనకి ఇంకో చోట సంసారం ఉంది. పెళ్ళి అడ్డం వస్తోందని ఆగాడు. ఇప్పుడు ఆ అడ్డం లేదని మీరందరూ కలిసి తేల్చారు. మళ్ళీ కూర్చుని నన్ను చేసుకుంటావా అని అడిగితే, చేసుకుంటాడంటారా?"

లారస్ అక్క మొహంలోకి చూసింది. దెపోక్ సంగతి ఆ పిల్లకి ఇప్పుడే తెలిసింది.

"నీకిష్టం లేకపోతే ఈ మాట ఈ గది దాటదు," అన్నాడు హర్జోనో.

"దాటకపోతే లారస్ పెళ్ళి కాదు. ఆవిడ చెప్పారుగా." వెనింగ్ అతని వైపు తిరిగింది. ఎలా పిలవాలో తెలియక ఒక్క క్షణం ఆగి, పిలవకుండానే మాట్లాడింది. "అప్పుడేమో మీరు లేవలేదు. ఇవాళ లేచారు. రెండుసార్లూ నన్ను అడగలేదు. సరే. ఆయన ఎదురుగానే ఉన్నాడు. ఇంత చేసినవాళ్ళు, వెళ్ళి పిలవండి. మీలో ఎవరు పిలుస్తారో పిలవండి."

హర్జోనో కదల్లేదు. నిజం చెప్పడానికి కూడదీసుకున్న ధైర్యం అక్కడితో అయిపోయింది. సుమర్ని లేచి వెనింగ్ పక్కన కూర్చుందామనుకుంది. పక్కన కూర్చుంటే వెనింగ్ జరుగుతుందేమోనని ఆగింది.

"పిలవరా?" అంది వెనింగ్. "అయితే నన్ను వెళ్ళనివ్వండి. ఇవేవీ నేను వినలేదు."

లేచి తలముసుగు సర్దుకుంది. హెందర్తి గారు కూడా లేచింది. టాక్సీవాడు హారన్ కొట్టాడు.

"నేను ఏమీ విననట్టు వెళ్ళలేనమ్మా," అంది ఆవిడ మెల్లగా, లారస్‌తో. "సరిచేస్తే చెప్పండి. లేకపోతే మా వాణ్ణి మర్చిపో."

లారస్ ఇంకా నేల మీదే ఉంది. ఆవిడ బట్టల అంచుని చూస్తోంది. తర్వాత వెనింగ్‌ని చూసింది, పొద్దున్నించీ ఖాళీగా ఉన్న కడుపులో ముద్ద పెట్టిన అక్కని. ఏదో చెప్పబోతోందని సుమర్ని అనుకుంది. క్షమించు అంటుందనో, నాకీ పెళ్ళి వద్దంటుందనో.

లారస్ లేచింది. ఎవరి మొహమూ చూడకుండా వరండాలోకి వెళ్ళి చెప్పులు వేసుకుంది.

"లారస్," అంది వెనింగ్. ఆ పిలుపులో కోపం లేదు, బతిమాలడం ఉంది. ఆమె ఎవర్నైనా బతిమాలగా సుమర్ని వినడం అదే మొదలు.

లారస్ ఆగలేదు. వానలో తడుస్తూ గేటు తీసుకుని రోడ్డు దాటింది. ఎదురు కొట్టు పంచ కింద యుధో ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఎవరితోనో నవ్వుతూ సిగరెట్ కాలుస్తున్నాడు. ఆ పిల్లని చూసి ఫోను దించాడు.

"బావా, ఒక్కసారి లోపలికి రండి," అంది లారస్. "మా నాన్న మీతో మాట్లాడాలంటున్నారు."